ఆఫ్రికా సఫారీలో జంతువులు నిజంగా అంత దగ్గరికి వస్తాయా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

సీతమ్మధార రవి:
ఆగస్టులో అమ్మానాన్నల్ని, ఎనిమిదేళ్ల పాపని తీసుకుని కెన్యాలో మసాయి మారాకి వెళ్తున్నాం. వైల్డ్‌బీస్ట్ మందలు మారా నది దాటే కాలమని ఆ నెల పెట్టుకున్నాం. చీతా జీపెక్కి కూర్చున్న వీడియోలు, సింహం టైరుని ఆనుకుని పడుకున్న వీడియోలు చూసి అమ్మకి ఒకటే టెన్షన్. నిజంగా అంత దగ్గరికి వస్తాయా? వస్తే మనం ఎలా ఉండాలి?

నైరోబీ తెలుగువాడు:
వస్తాయి రవిగారూ. మారాలో సింహాలు పిల్లలుగా ఉన్నప్పటినుంచీ బళ్లను చూస్తూ పెరుగుతాయి. బండి, అందులో కూర్చున్న మనం అంతా కలిపి వాటికి ఒకటే ఆకారం. వేటాడేదీ కాదు, భయపడాల్సిందీ కాదు, అందుకే పట్టించుకోవు. ఆ ఆకారం మారితేనే తంటా. చెయ్యి బయటపెట్టినా, కేకేసినా, కిటికీలోంచి నడుందాకా వంగినా చటుక్కున తలెత్తి చూస్తాయి.

మా బావగారి కుటుంబం వచ్చినప్పుడు మిట్టమధ్యాహ్నం ఒక సివంగి వచ్చి మా లాండ్ క్రూజర్ నీడలో పడుకుంది. చుట్టుపక్కల చెట్టన్నదే లేదు మరి. దాని ముక్కు మీద నల్ల మచ్చలు స్పష్టంగా కనిపించాయి. చిన్నప్పుడు గులాబీ రంగులో ఉండే ముక్కు వయసు పెరిగేకొద్దీ అలా నల్లబడుతుందని డ్రైవరు గుసగుసగా చెప్పాడు. చెవి అంచు చిరిగి ఉంది. ముంగాలి మీద మానుతున్న గాయం, దాని చుట్టూ ఈగలు. బాగా తిని వచ్చినట్టుంది, పొట్ట ఒక పక్కకి ఒరిగిపోయి ఒక్కో ఊపిరికీ ఎగిసిపడుతోంది. తనంతట తాను లేచి వెళ్లేదాకా డ్రైవరు తాళం తిప్పలేదు, మేమూ తొందరపెట్టలేదు. పిల్లలు సైతం కిక్కురుమనలేదు. మీ పాపకి ముందే చెప్పి ఉంచండి. ఇలాంటివి పెద్దవాళ్లకన్నా పిల్లలే బాగా పాటిస్తారు.

పాలమూరు పద్మ:
సింహం సంగతి సరే, నేను గుండె చిక్కబట్టుకుని కూర్చున్నది మాత్రం ఏనుగు ముందే. దక్షిణాఫ్రికాలో క్రూగర్ పార్కుకి వెళ్లాం. అక్కడ కారు మనమే నడుపుకోవచ్చు. తారురోడ్డు మీద 50, మట్టిరోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. అనుమతి ఉన్న చోట తప్ప కారు దిగకూడదు.

మలుపు తిరగ్గానే ఎదురుగా ఒంటరి మగ ఏనుగు, రోడ్డు మధ్యలోంచి మా వైపే నడిచి వస్తోంది. కణతల నుంచి మదజలం చారలు కట్టింది, వెనక కాళ్లు తడిసి ఉన్నాయి. మదమెక్కిన ఏనుగుకి ఎవరైనా దారివ్వాల్సిందే. మా ఆయన హారన్ కొట్టలేదు, లైట్లు వేయలేదు, రివర్స్ గేరులో మెల్లగా వెనక్కి తీస్తూ పోయారు. అది పరుగెత్తలేదు, అలాగని ఆగనూ లేదు. తొండం ముడతల్లో ఇరుక్కున్న ఎర్రమట్టి, కంటి మీద పొడవాటి వెంట్రుకలు, అన్నీ కనిపిస్తున్నాయి. చివరికి తనే మొపానే చెట్లవైపు తిరిగి కొమ్మ విరుచుకుంది.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ఏనుగు చెవులు విప్పార్చి, తల ఊపి, దుమ్ము రేపి ఘీంకరిస్తే చాలావరకు అది బెదిరింపే. చెవులు వెనక్కి అణిచి, తొండం లోపలికి చుట్టి, చప్పుడు లేకుండా వస్తే నిజంగానే మీదికొస్తోందని. తల్లికీ గున్నకీ మధ్యలోకి మాత్రం బండి పోనివ్వొద్దు.

గోదారి గట్టు:
బోట్స్వానాలో ఒకవాంగో డెల్టాకి వెళ్లాం. మా క్యాంపుకి కంచె లేదు. చీకటి పడ్డాక భోజనానికి వెళ్లాలన్నా క్యాంపు మనిషి టార్చితో వచ్చి తీసుకెళ్లాల్సిందే. అర్ధరాత్రి టెంటు గుడ్డకి అవతల పరపరా గడ్డి తెంపుతున్న చప్పుడు. హిప్పో! పగలంతా నీళ్లలో ఉండి రాత్రిళ్లు మేతకి గట్టెక్కుతుంది. టార్చి వేసి చూద్దామనిపిస్తుంది, వద్దు, జిప్పు తెరవొద్దు. అంత శరీరం వేసుకుని గంటకి 30 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. గట్టు మీదున్న హిప్పోకీ నీళ్లకీ మధ్యలో మనిషి చిక్కాడంటే ఇక అంతే.

సీతమ్మధార రవి:
అందరికీ థాంక్సండీ. అమ్మకి చదివి వినిపించాను, కొంచెం కుదుటపడింది. పాప మాత్రం చీతా మన జీపెక్కుతుందా అని అడుగుతోంది.

కెమెరా కన్ను:
ఎక్కొచ్చు. మైదానంలో చెదపుట్ట ఎక్కి దూరం చూసే అలవాటు దానికుంది, కొన్ని చీతాలకి జీపు కప్పు కూడా అలాంటి ఎత్తే. కానీ దయచేసి ఎక్కాలని కోరుకోకండి. మారాలో ఒక జంతువు దగ్గర ఐదు బళ్లకు మించి ఉండకూడదని నియమం. సీజన్లో దాన్ని ఎంతమంది పాటిస్తున్నారో కళ్లారా చూశాను. ఒక తల్లి చీతా గజెల్ మందని చూసి గడ్డిలో పొట్ట ఆనించి పాకుతోంది, వెనక కూనలు. ఇంతలో బళ్లు వరసగా వచ్చాయి. ఒకటి ఏకంగా చీతాకీ మందకీ మధ్యలోకి దూరింది. గజెల్‌లు తలెత్తాయి, చెంగున పోయాయి. ఆ తల్లి లేచి కూర్చుని అటే చూస్తూ ఉండిపోయింది.

సింహాలు, హైనాల పోరు తప్పించుకోవడానికి చీతా ఎక్కువగా పగలే వేటాడుతుంది. మనం తిరిగేదీ పగలే. మారా చీతాల మీద 2018లో వచ్చిన ఒక అధ్యయనం చదివాక నాకు నిద్ర పట్టలేదు. టూరిస్టులు తక్కువ తిరిగే చోట తల్లి సగటున 2.3 కూనల్ని పెంచి పెద్దచేస్తే, ఎక్కువ తిరిగే చోట 0.2 మాత్రమేనట. మన ఒక్క ఫొటో కోసం దాని పిల్లలు పస్తుండాలా?

పాలమూరు పద్మ:
రవిగారూ, మధ్యలో ఒక మాట. కెన్యా వెళ్లొచ్చేవాళ్లకి ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ కావాలి. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. అమ్మానాన్నలకి 60 దాటితే ముందు డాక్టరుతో మాట్లాడండి, ఆ వయసులో ఆలోచించి గానీ వేయరు.

నైరోబీ తెలుగువాడు:
కెమెరా కన్నుగారు చెప్పినదాంట్లో అక్షరం కూడా తీసేసేది లేదు. రవిగారూ, వీలైతే మారా నార్త్, నబోయిషో లాంటి కన్సర్వెన్సీల్లో బస చూడండి. మసాయిల భూములు లీజుకు తీసుకుని నడిపేవి అవి, బళ్ల సంఖ్య మీద హద్దు ఉంటుంది. ఖర్చు ఎక్కువే, కానీ జంతువు దాని పని అది చేసుకుంటుంటే తీరిగ్గా చూడొచ్చు.

ఎక్కడున్నా మొదటిరోజు పొద్దున్నే డ్రైవరుతో ఒక మాట అనండి: "మాకు మరీ దగ్గరగా వద్దు, టిప్ దానికోసం కాదు" అని. చాలామంది డ్రైవర్లు దూసుకెళ్లేది వెనక కూర్చున్నవాళ్లు "ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి" అంటుంటేనే. నది దగ్గర కూడా అంతే. బండి ముందే గట్టు మీదికి పోతే మంద బెదిరి వెనక్కి మళ్లుతుంది. ముందు వరస నీళ్లలో దిగి, వెనకవి దానివెంట పడ్డాకే బండి కదిలించమనండి.