మోవెంబర్‌ను తెలుగులో ఏమందాం?

నవంబర్ వస్తే మా ఆఫీసులో ఇద్దరు ముగ్గురు మీసాలు పెంచుతారు. ఎందుకంటే ‘మోవెంబర్’ అంటారు. 2003లో మెల్‌బోర్న్‌లో 30 మంది సరదాగా మొదలుపెట్టిన పని ఇది. ఆస్ట్రేలియా వాడుకలో మీసాన్ని ‘మో’ అంటారు, దానికి నవంబర్ తోక తగిలించారు. ఒకటో తారీఖున నున్నగా గీసుకుని, నెలంతా మీసం పెంచాలి. ‘ఏంటీ అవతారం’ అని ఎవరైనా అడిగితే ప్రోస్టేట్ క్యాన్సర్, వృషణాల క్యాన్సర్, మగవాళ్ల మానసిక ఆరోగ్యం, ఆత్మహత్యల గురించి మాట్లాడాలి, విరాళాలూ అడగాలి. నాకు తట్టిన మాట ‘మీసంబర్’. ఇంకేదైనా ఉంటే చెప్పండి.

— మీసంబర్ బాగుంది గురువుగారూ. మీసం చివర సున్నా ఉంది కాబట్టి అతుకు ఇంగ్లీషులో కంటే మనకే బాగా కుదిరింది. కాకపోతే ఫోన్లో చెబితే డిసెంబర్ అని వినపడుతుంది. ‘మీసాల మాసం’ అంటే ఆ గొడవ లేదు.

— మాట సరే, మన దగ్గర నవంబర్లో గడ్డంతో కనిపిస్తే క్యాన్సర్ గురించి ఎవరడుగుతారండీ? “స్వామీ, మాల ఎప్పుడు వేసుకున్నారు?” అంటారు. పోయినేడు పది రోజులు గీయకపోయేసరికి టీ కొట్టాయన డబ్బులు వద్దన్నాడు. చెప్పబోయి, సిగ్గేసి “స్వామి శరణం” అనేశాను. ఇంకొకాయనైతే “ఇంట్లో విశేషమా?” అన్నాడు.

— (మొదట అడిగింది నేనే.) అందుకే వాళ్లు గడ్డం కూడదంటారు, మీసం ఒక్కటే. గడ్డం కూడా వదిలేసేది ‘నో షేవ్ నవంబర్’. అది వేరు, అమెరికాది. పెద్దపేగు క్యాన్సర్‌తో పోయిన తండ్రి గుర్తుగా షికాగోలో ఒక కుటుంబం 2009లో మొదలుపెట్టింది. గీసుకోక మిగిలిన డబ్బు విరాళం ఇవ్వడం దాని పద్ధతి.

— నన్ను ఆపింది మీసం కాదు, ప్రోస్టేట్. పత్రికల్లో దీన్ని ‘పౌరుష గ్రంథి’ అని రాస్తుంటారు. ఎవరు పెట్టారో గానీ మగవాళ్ల నోరు మూయించే పేరు. మన దగ్గర మీసమంటేనే పౌరుషం: మెలేస్తాం, దువ్వుతాం, పందెం ఓడితే గీయించుకుంటాం. అలాంటివాడు ‘నా పౌరుష గ్రంథిలో తేడా ఉంది’ అని ఎవరితో చెప్పుకుంటాడు? మా నాన్న రాత్రికి ఐదారుసార్లు లేస్తూ ఏడాదిపాటు షుగరేమో అని దాటేశారు. అసలు గ్రీకు మూలంలో పౌరుషం ఊసే లేదు. ‘ముందు నిలిచేవాడు’ అని అర్థం, కాపలావాడు అని కూడా. మూత్రాశయం ముంగిట ఉంటుంది కాబట్టి ఆ పేరు. మనం ‘ముంగలి గ్రంథి’ అనుకుంటే పోలా?

— ముంగలి అంటే సగం మందికి ముంగిస గుర్తొస్తుంది! ప్రోస్టేట్ అనే వాడుకుందాం, షుగరూ బీపీ తెలుగైపోలేదా?

— నేను డాక్టర్ని. పేషెంట్లు ప్రోస్టేటూ అనరు, పౌరుష గ్రంథీ అనరు. “రాత్రిళ్లు ఒంటికి ఎక్కువసార్లు పోవాల్సొస్తోంది” అంటారు, అదీ కొడుకుని బయటికి పంపాక. అది చాలావరకు వయసుతో గ్రంథి పెరగడం వల్లే, క్యాన్సర్ కాకపోవచ్చు. క్యాన్సర్ మొదట్లో చాలాసార్లు ఏ లక్షణమూ చూపించదు. అందుకే యాభై దాటినవాళ్లు పీఎస్ఏ అనే, ప్రోస్టేట్‌లో తేడాని పసిగట్టే రక్తపరీక్ష అవసరమా అని డాక్టర్ని అడగాలి. ఇంట్లో ఎవరికైనా వచ్చి ఉంటే ఇంకా ముందే. పేరు మీరు తేల్చుకోండి, నేను మాత్రం ఒంటికే అంటాను.

— నాన్నకు ఈ చర్చంతా చదివి వినిపించాను. పౌరుష గ్రంథి దగ్గర పేపరు తిరగేస్తూ కూర్చున్నారు. ముంగలి గ్రంథి అనగానే కళ్లజోడు తీసి “అదెక్కడుంటుందిరా?” అన్నారు. ఒంట్లో ఉందన్నాను, పెద్ద ఉసిరికాయంత. “మరి నన్ను చూసిన డాక్టరు ఇంత విడమరిచి చెప్పలేదే” అన్నారు.