"బతికుంటే బలుసాకు", "బతికి బట్టకట్టడం": లోకం కూలాక మిగిలినవాళ్ల నవలలు

ఒక చెల్లెలు ఇక్కడ అడిగింది: "లోకం కూలిపోయాక మిగిలినవాళ్లు ఎలా బతికారో చెప్పే నవలలు చదవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? అసలు వీటిని తెలుగులో ఏమంటారు?" జవాబుగా యుగాంత నవల, ప్రళయానంతర నవల, మనుగడ నవల అని మూడు పేర్లు వచ్చాయి. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఈ రకం నవలలంటే నాకు ప్రాణం. అందుకే పేరు సంగతీ పుస్తకాల సంగతీ కలిపి రాస్తున్నాను.

కొత్త పేరు కట్టేముందు మన నోళ్లలో ఎప్పటినుంచో నలుగుతున్న రెండు మాటలు చూడండి. ఒకటి "బతికుంటే బలుసాకు తినొచ్చు". రెండోది "బతికి బట్టకట్టడం".

బలుసు ముళ్లపొద. గుట్టల మీద, గట్ల మీద దానంతటదే మొలుస్తుంది. పెరట్లో పాదు చేసి పెంచుకునే కూర కాదు. ఏదీ దొరకని రోజున ఆ ఆకైనా ఉడకేసుకుని ప్రాణం నిలబెట్టుకోవచ్చంటుంది సామెత. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసిన నందన కరువును జనం డొక్కల కరువు అన్నారు. అలాంటివి చూసిన నేల మీద ఈ మాట ఊరికే నిలబడలేదు.

"బతికి బట్టకట్టడం" అలా కాదు. దీన్ని ఎక్కువగా అనుమానంతోనో ఆశ్చర్యంతోనో వాడతాం. "ఆ పిల్లాడు బతికి బట్టకడతాడని ఎవరూ అనుకోలేదు" అంటాం. ప్రాణం దక్కితే చాలదు, బట్ట కూడా కట్టాలి, నలుగురిలో మనిషిగా తిరగాలి. ఇంత పెద్ద కోరిక రెండు మాటల్లో ఇమిడిపోయింది.

నా లెక్కలో ఈ నవలలన్నీ ఈ రెండు మాటల మధ్యే తిరుగుతాయి. సర్వైవల్, అంటే మనుగడ నవలలు బలుసాకు వైపువి. పోస్ట్-అపోకలిప్టిక్ (లోకం కూలాక నడిచే కథలు) అని పిలిచేవాటిలో గొప్పవి బట్టకట్టే వైపువి. మీకు ఏది కావాలో ముందు తేల్చుకుంటే పుస్తకం ఎంచుకోవడం తేలిక.

రెండూ కలిసిన పాత పుస్తకం ఒకటుంది: 1719 నాటి రాబిన్సన్ క్రూసో. చిన్నప్పుడు సంక్షిప్త రూపంలో చదివి వదిలేసినవాళ్లు పూర్తి పుస్తకం ఒకసారి తెరవండి. దీవిలో మనిషి జాడ లేదు, పైగా మండే ఎండ. బట్టలు చిరుగుతున్నాయి. ఒంటరిగానే ఉన్నా బట్ట లేకుండా తిరగడమన్న ఊహే తనకు సహించదంటాడు క్రూసో. ఎండకు ఒళ్లు కాలుతుందన్న కారణమూ చెబుతాడు, కానీ దానికంటే ముందు చెప్పేది ఆ మాటే. తర్వాత మేకతోళ్లతో టోపీ, చొక్కా, గొడుగు కుట్టుకుంటాడు. చూసేవాళ్లు లేని చోట కూడా బట్ట కట్టాలనుకున్నాడు!

ఇక అచ్చంగా బలుసాకు వైపున్నవాటిలో పాట్ ఫ్రాంక్ రాసిన అలాస్, బాబిలోన్ (1959) ముందు చదవండి. అణుయుద్ధం తర్వాత ఫ్లోరిడాలో ఒక చిన్న ఊరు ఎలా నిలబడిందో కథ. బాంబుల వర్ణన తక్కువ, వంటింటి సంగతులు ఎక్కువ. కరెంటు పోయింది, ఫ్రిజ్ ఆగింది, ఫ్రిజ్‌లో ఉన్న ఇన్సులిన్ చెడిపోయింది, షుగర్ ఉన్న ఒకావిడ చనిపోయింది. తుపాకీ కాల్పులకంటే ఆ చావు నన్ను ఎక్కువ కదిలించింది. మా ఇంట్లోనూ ఫ్రిజ్ తలుపులో ఇన్సులిన్ ఉంటుంది. తర్వాత ఉప్పు అయిపోతుంది. ఉప్పు లేకపోతే మాంసం నిలవ ఉండదు, మనిషికి సత్తువ ఉండదు. పూర్వీకుడొకరు రాసిపెట్టిన పాత దినచర్యలో ఉప్పు దొరికే చోటు బయటపడుతుంది. అలా పాత కాగితం ఊరిని బతికించిన ఘట్టం నాకు చాలా ఇష్టం.

రెండోది ఆస్ట్రియా రచయిత్రి మార్లెన్ హౌస్‌హోఫర్ 1963లో జర్మన్‌లో రాసిన నవల. ఇంగ్లీషులో ది వాల్. ఆల్ప్స్ కొండల్లో వేట బంగళాకు వెళ్లిన ఒక స్త్రీ తెల్లవారేసరికి కంటికి కనబడని గోడకు ఇవతల చిక్కుకుపోతుంది. గోడకు అవతల ఉన్న మనుషులు కదలికలేకుండా రాళ్లలా అయిపోయారు. ఆమెకు మిగిలింది ఒక కుక్క, ఒక ఆవు, ఒక పిల్లి, కొన్ని బంగాళాదుంపలు, కొన్ని చిక్కుడు గింజలు, అగ్గిపెట్టెలు. కథలో పెద్ద మలుపులు తక్కువ. గడ్డి కోయడం, ఎండబెట్టడం, పాలు పితకడం, కట్టెలు కొట్టడం, దుంపలు నాటడం ఉంటాయి. పాడి ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకు ఆవు ఈనే ఘట్టం చదువుతుంటే గుండె దడదడలాడుతుంది. ఆమె పేరు చివరిదాకా తెలియదు. పేరు పెట్టి పిలిచే మనిషి లేడు కాబట్టి పేరు అవసరమే పడలేదు. పాత క్యాలెండర్ల వెనక, పసుపుపచ్చబారిన కాగితాల మీద ఆమె రాసుకున్న రాతే మనం చదివే పుస్తకం. చదివేవాళ్లు ఉంటారన్న ఆశ లేకుండానే రాస్తుంది. అందుకే దీన్ని బలుసాకు గంపలో వేసినా, రాత ఉన్నంతవరకూ బట్ట ఉన్నట్టే అని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు రెండో వైపు. మొదట జాక్ లండన్ రాసిన ది స్కార్లెట్ ప్లేగ్ (1912). చిన్న పుస్తకం, ఒక సాయంత్రంలో అయిపోతుంది, కాపీరైటు తీరింది కాబట్టి నెట్‌లో ఉచితం. కథ ప్రకారం 2013లో ఎర్రటి మచ్చలు వేసే మహమ్మారి వచ్చి మనుషుల్ని తుడిచేస్తుంది. కథ నడిచేది 2073లో. ఒకప్పుడు కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పిన ప్రొఫెసర్ మాసిన మేకతోలు కట్టుకుని, సముద్రం ఒడ్డున మనవళ్లకు పాత లోకం కథ చెబుతుంటాడు. భాషాప్రియులు ఆగి చదవాల్సిన చోటు ఇక్కడుంది. ఆయన "స్కార్లెట్" అనగానే ఒక మనవడు విసుక్కుంటాడు: ఎరుపంటే ఎరుపే కదా, ఆ వేరే మాటెందుకు? కెంపు, కెంజాయ, అరుణం, పాటలం ఇన్ని ఉన్న మనకు ఆ పిల్లాడి ప్రశ్న గట్టిగా తగులుతుంది. అంకెలూ అంతే. పది దాటితే వాళ్లకు లెక్క అందదు. కోట్ల జనం అంటే ఏమిటో చెప్పడానికి తాత గులకరాళ్లు, ఆల్చిప్పలు, పుర్రెల్లోంచి తీసిన దంతాలు వరసగా పేర్చి ఒక్కోదానికీ ఒక్కో విలువ కట్టి చూపిస్తాడు. పిల్లలు బాగానే బతికారు. వేటాడతారు, మేకలు కాస్తారు. బట్టకట్టలేదు.

అదే బర్క్‌లీ ప్రాంతంలో జార్జ్ ఆర్. స్టీవర్ట్ రాసిన ఎర్త్ అబైడ్స్ (1949) నడుస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉంటున్న మనవాళ్లకు ఆ వంతెనలు, కొండలు, యూనివర్సిటీ అన్నీ తెలిసినవే. కొండల్లో పాము కరిచి ఒంటరిగా పడివున్న ఇష్ అనే విద్యార్థి తిరిగొచ్చేసరికి ఊళ్లన్నీ ఖాళీ. దొరికిన నలుగురితో ఒక చిన్న గూడెం ఏర్పడుతుంది. యూనివర్సిటీ లైబ్రరీ చెక్కుచెదరకుండా ఉంది, పిల్లలకు చదువు చెప్పాలని ఇష్ తపన. పిల్లలకేమో పట్టదు. డబ్బాల్లో తిండి దొరుకుతున్నప్పుడు అక్షరాలు ఎందుకు? చదువు మీద ఇష్టం ఉన్న ఒక్క చిన్నవాడు జ్వరంతో పోతాడు. ఆ తర్వాత ఇష్ పుస్తకాలు పక్కన పెట్టి, పిల్లలకు విల్లూ బాణాలూ చేసి ఆటగా ఇస్తాడు. తూటాలు అయిపోయే రోజుకు పనికొచ్చేది అదేనని అతనికి తెలుసు. చదువు చెప్పేవాళ్లెవరైనా ఈ భాగం చదివి ఊరుకోలేరు. ఈ వరసలో ఒక్కటే చదవగలిగితే ఇది చదవండి.

వాల్టర్ ఎం. మిల్లర్ జూనియర్ నవల ఎ కాంటికిల్ ఫర్ లీబోవిట్జ్ (1959)లో సంగతి తారుమారు. జనం చదువు మీద కోపంతో పుస్తకాలను, పండితులను తగలబెట్టేశారు. ఎడారిలో ఒక మఠం సన్యాసులు మిగిలిన కాగితాలను, అర్థం తెలియకపోయినా, తరతరాలు నకలు రాసి కాపాడతారు. వాళ్ల దగ్గర పవిత్రంగా పూజలందుకునే కాగితాల్లో ఒకటి మాంసం, బేగెల్స్ అనే గుండ్రటి రొట్టెలు తెమ్మని రాసుకున్న సరుకుల చీటీ! ఇంకొకటి ఒక విద్యుత్ పరికరం బ్లూప్రింట్. దానికి బంగారు పూతతో నకలు తీయడానికి ఒక సన్యాసి 15 ఏళ్లు వెచ్చిస్తాడు. దారిలో దొంగలు ఆ నకలునే అసలనుకుని లాక్కుపోతారు, మాసిన అసలు అతని చేతిలో మిగులుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీలోని మోంటె కాసినో మఠం మీద బాంబులు వేసిన విమానాల్లో మిల్లర్ కూడా ఉన్నాడు. ఆ తర్వాతే మఠాన్ని పుస్తకాల ఆఖరి దిక్కుగా చేసి ఈ నవల రాశాడు.

ఎమిలీ సెయింట్ జాన్ మాండెల్ రాసిన స్టేషన్ ఎలెవెన్ (2014) కొవిడ్ తర్వాత చాలామంది చదివారు కాబట్టి కొద్దిగా చెబుతాను. ఫ్లూ లోకాన్ని ఊడ్చేసిన 20 ఏళ్లకు, ఒక నాటక బృందం గుర్రాలు లాగే పాత ట్రక్కుల్లో ఊరూరా తిరిగి షేక్‌స్పియర్ ఆడుతుంది. ఊరికే బతికుండటం చాలదు అన్న అర్థం వచ్చే వాక్యం వాళ్ల బండి మీద రాసి ఉంటుంది. స్టార్ ట్రెక్ సీరియల్ నుంచి తీసుకున్న మాటది. బలుసాకు చాలదు, బట్ట కావాలి అంటున్నారు వాళ్లు.

కొందరికి విడిగా జవాబులు:

"ప్రళయానంతర నవల అంటే తప్పేమిటి?" అన్న మాస్టారికి. మాస్టారూ, పోతన గజేంద్రుడి చేత చెప్పించిన పద్యం మీకు నోటికొచ్చు:

లోకంబులు లోకేశులు
లోకస్థులు తెగిన తుది నలోకంబగు పెం
జీకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్

లోకాలూ పోయాయి, పాలకులూ పోయారు, లోకంలో ఉన్నవాళ్లూ పోయారు. పెనుచీకటి అవతల వెలిగేవాడు ఒక్కడే. ఈ పద్యంలోని ప్రళయంలో మనిషి మిగలడు. ఈ నవలలకు మిగిలిన మనిషే ముడిసరుకు. అపోకలిప్స్ అన్న గ్రీకు మాటకు అసలు అర్థం తెర తీసి చూపడం. తెలుగు బైబిల్లో ఆ చివరి పుస్తకాన్ని ప్రకటన గ్రంథం అనడం అందుకే. కాబట్టి ప్రళయం కంటే "మిగిలినవాళ్ల కథలు" అనడం నాకు నచ్చుతుంది. సర్వైవల్‌కు మనుగడ బాగానే ఉంది, ఉంచుకుందాం.

"ది రోడ్ సంగతేమిటి?" అన్న తమ్ముడికి. కార్మాక్ మెకార్తీ రాసిన ఆ నవల (2006) సరిగ్గా ఆ రెండు వైపుల మధ్య గట్టు మీద ఉంది. బూడిద కప్పిన దేశంలో తండ్రీకొడుకులు షాపింగ్ బండి తోసుకుంటూ దక్షిణానికి నడుస్తారు. తినడానికి బలుసాకు కూడా మొలవని నేల అది. వస్తువులు పోయిన వెనకే వాటి పేర్లు కూడా మనసులోంచి జారిపోతున్నాయని తండ్రి గమనించే చోట నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. తండ్రికి దొరికిన ఒక్క కోకాకోలా డబ్బా కొడుక్కి ఇస్తాడు. నువ్వూ తాగు అంటాడు పిల్లవాడు. ఆ పంపకంలోనే బట్ట ఉంది. చంటిపిల్లలున్నవాళ్లు మనసు కుదుటగా ఉన్నప్పుడే చదవండి.

"ఆడవాళ్లు నాయకులుగా ఉన్నవి?" అన్న అక్కకు. ఆక్టేవియా బట్లర్ రాసిన పారబుల్ ఆఫ్ ద సోవర్ (1993). కథ మొదలయ్యేది 2024లో, లాస్ ఏంజలెస్ దగ్గర. ఒక్క దెబ్బతో కూలిన లోకం కాదు. నీళ్లు ప్రియమై, ఉద్యోగాలు పోయి, గోడలు కట్టుకున్న వీధుల్లో భయంభయంగా బతికే లోకం. లారెన్ అనే టీనేజ్ అమ్మాయి ముందే మొక్కల పుస్తకాలు చదివి, ఓక్ కాయల పిండితో రొట్టె చేయడం నేర్చుకుని, పారిపోవాల్సిన రాత్రి కోసం సంచి సర్ది పెట్టుకుంటుంది. బలుసాకు జ్ఞానమూ బట్టకట్టే పట్టుదలా రెండూ ఉన్న అమ్మాయి.

అడిగిన చెల్లెలికి: జాక్ లండన్‌తో మొదలుపెట్టమ్మా, తర్వాత ఎర్త్ అబైడ్స్. మనసుకు నచ్చితే ది వాల్. రసెల్ హోబన్ రాసిన రిడ్లీ వాకర్ (1980) మాత్రం ఆఖరికి ఉంచుకో. అణుయుద్ధం జరిగిన రెండువేల ఏళ్ల తర్వాతి ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతం. పుస్తకం మొత్తం అరిగిపోయిన ఇంగ్లీషులో ఉంటుంది. పైకి చదివితేనే అర్థమవుతుంది. కాంటర్‌బరీ "కేంబ్రీ" అయింది. ప్రైమ్ మినిస్టర్ "ప్రై మిన్సర్" అయ్యాడు. ఆటమ్ (అణువు), ఆదాము కలిసిపోయి "ఆడమ్" అనే చిన్న మెరిసే మనిషయ్యాడు, వాణ్ణి రెండుగా చీల్చడంతోనే లోకం పాడైందని వాళ్ల పురాణం.

దీన్ని తెలుగు చేయడం కుదరదని ఒకరన్నారు. కుదురుతుందని నా నమ్మకం. హాస్పిటల్‌ను ఆసుపత్రి చేసుకున్న నోళ్లు మనవి. ఆటమ్‌ను "ఆదాం" అంటే రెండు అర్థాలూ వినబడతాయి. నవలలో ప్రై మిన్సర్ ఊరూరా తిరిగి బొమ్మలాట ఆడించి ప్రభుత్వం మాట జనానికి చేరుస్తాడు. అతనికి ప్రధానమంత్రి నలిగి "పరదామంత్రి" అయినట్టు రాస్తే ఎలా ఉంటుంది? బొమ్మల వెనక పరదా ఎలాగూ ఉంది. మీకు ఇంతకంటే మంచిది తడితే కింద రాయండి, కేంబ్రీకి కూడా.