సమస్యాపూరణం: పూయనట్టి చెట్టు కాయఁ గాచె

ఈ వారం సమస్య ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, ముందున్న మూడు పాదాలూ పూరించాలి:

పూయనట్టి చెట్టు కాయఁ గాచె

యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన అక్షరమైత్రి) కోసం వెతక్కండి, ఇక్కడ ఉన్నది దాని బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి (పూయ – కాయ). ఒక్కటే కోరిక: ఛందస్సుతో పాటు చెట్టు విషయం కూడా నిజమై ఉండాలి.

మొదటి పూరణ (హైదరాబాద్ నుంచి ఒక తమ్ముడు)

నిద్రలోన నాకు నిన్న వచ్చెను కల
వింతలెన్నొ చూచి వెరగుపడితి
ఏరు కొండ నెక్కె, ఎండ మంచాయెను
పూయనట్టి చెట్టు కాయఁ గాచె.

నడక హాయిగా ఉంది, గణాల్లో ఎక్కడా తప్పు లేదు. కానీ తమ్ముడూ, కలలో జరిగిందంటే ఏ సమస్య అయినా తీరిపోతుంది. చెట్టు దగ్గరికి వెళ్ళి మళ్ళీ రాయి.

రెండో పూరణ (తెనాలి నుంచి ఒక టీచరమ్మ)

పొట్టలోన పూలు పొదిగి దాచిన మేడి
చూచువారి కెల్ల చోద్యమయ్యె
కందిరీగ దూరి కలిపెఁ బుప్పొడి లోన
పూయనట్టి చెట్టు కాయఁ గాచె.

అమ్మా, నేను ఎదురుచూసిన పూరణ ఇదే. ఇది చదివాక కాలవగట్టు మీద మేడిచెట్టు కింద కూర్చుని ఒక పచ్చికాయను బ్లేడుతో రెండుగా కోశాను. మనం కాయ అనుకునేది నిజానికి పూలగుత్తి, సంచిలా ముడుచుకుని ఉంది. లోపలి గోడ నిండా నువ్వుగింజల కన్నా చిన్న పూలు, తలలన్నీ మధ్యకు తిప్పుకుని కిక్కిరిసి ఉన్నాయి. వాటి మధ్య రెక్కలు ఊడిన ఒక నల్లటి పురుగు. కాయ కొనన ఉండే సన్నటి రంధ్రంలోంచి దూరేటప్పుడే దాని రెక్కలు తెగిపోతాయి. తాను పుట్టిన కాయ నుంచి తెచ్చిన పుప్పొడిని ఈ పూలకు అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి, అక్కడే చనిపోతుంది. తర్వాత పుట్టే మగపురుగులకు రెక్కలే ఉండవు. అవి గోడకు దారి తొలుస్తాయి, ఆడవి అప్పటికి విచ్చిన మగపూల పుప్పొడితో ఆ దారినే ఎగిరిపోతాయి.

చిన్న సూచన: కందిరీగ అనగానే కుట్టే పెద్ద ఈగే మెదులుతుంది. ఇది మిల్లీమీటర్లలో ఉండే జీవి. ‘చిన్న యీగ’ అంటే ఆ పాదం ఇంకా బాగుంటుంది, గణాలూ చెడవు, యతి మాత్రం చూసుకోవాలి.

మూడో పూరణ (విజయనగరం నుంచి ఒక పెద్దాయన)

అమరకోశమందు నపుడె చెప్పిరి గాదె
ఆ వనస్పతులకు నదియె గురుతు
మఱ్ఱి రావి మేడి మర్మమ్ము తెలియుము
పూయనట్టి చెట్టు కాయఁ గాచె.

పాదాభివందనం. పూత కనబడి కాసేది వానస్పత్యం, పూత లేకుండా కాసేది వనస్పతి అని సంస్కృత నిఘంటువు అమరకోశం విడదీసింది. బయట నుంచి చూసినవారికి అది సరైన గుర్తే. మఱ్ఱి, రావి, మేడి మూడూ ఒకే కుటుంబం, మూడూ పూలను లోపలే దాచుకుంటాయి.

నాలుగో పూరణ (చిత్తూరు జిల్లా మామిడి రైతు)

మందు చల్లలేదు మామిడి పూతపై
నీగ లెగసి వాలె నెల్లచోట
కాళ్ళ పుప్పొడంటెఁ, గమ్మగా నిండుగా
పూయ నట్టి చెట్టు కాయఁ గాచె.

అద్భుతం! ‘పూయన్ + అట్టి’ అని విడగొట్టి, పూయని చెట్టును పూసిన చెట్టుగా మార్చేశారు. పైగా మామిడికి తేనెటీగల కన్నా మామూలు ఈగలే ఎక్కువ మేలు చేస్తాయి. పూత మీద పురుగుమందు పడితే పోయేది అవే. ‘పుప్పొడంటె’ వాడుక సంధి, ‘కాళ్ళఁ బొడియు నంటెఁ’ అని మార్చుకోండి. ఇంకో సందేహం: పుప్పొడి ముందు అంటి, పూయడం తర్వాతా? వరస తిరగబడలేదా?

రైతు జవాబు: "మాస్టారూ, మామిడి గుత్తి ఒక్కరోజులో పూసెయ్యదండీ. రోజుల తరబడి కొన్ని కొన్నిగా విచ్చుతాది. ముందు విచ్చిన దాని పొడి ఈగ కాళ్ళకు అంటుకుంటే, తర్వాత విచ్చిన పువ్వుకు చేరతాది. నా పద్యంలో వరస అదే."

ఒప్పుకున్నాను. గుత్తి చూడకుండా మాట్లాడాను, ఆ వరస అలాగే ఉంచండి. ఈ వారం మొదటి స్థానం మీదే.

వచ్చే వారం సమస్య (ఆటవెలది నాలుగో పాదం)

ఇద్దఱు వరు లొక్క యింట దిగిరి

చిన్న ఆధారం ఇస్తాను. పుప్పొడి రేణువు నుంచి సాగే నాళం అండం దాకా రెండు మగబీజాలను మోసుకెళ్తుంది. ఒకటి స్త్రీబీజంతో కలిసి పిండమవుతుంది, రెండోది ఆ పిండానికి తిండి తయారుచేసే కణజాలానికి మూలం. 1898లో వృక్షశాస్త్రవేత్త నవాషిన్ లిల్లీ జాతి పూలలో దీన్ని మొదట గుర్తించాడు. మనం తాగే కొబ్బరినీళ్ళు ఆ రెండో కలయిక ఫలమే. పూరణలు ఆదివారం రాత్రికల్లా పంపండి.