స్టాఫ్ మీటింగులో అందరూ బస్సు టైమే చూస్తున్నారు, ఎలా నడపాలి?

కొత్త హెచ్ఎం, పాకాల వైపు
అందరికీ నమస్తే. ప్రమోషన్ మీద ఒక జెడ్పీ హైస్కూలుకు వచ్చాను. స్టాఫ్ 16 మంది, సగానికి పైగా తిరుపతి నుంచే వచ్చి పోతారు. నెలకోసారి నాలుగింటి బెల్ అయినాక మీటింగ్ పెడుతున్నా. డీఈఓ ఆఫీసు సర్క్యులర్లు చదవడం, ఎంఈఓ గారు చెప్పినవి చెప్పడం, సిలబస్ ఎంతవరకు వచ్చిందో ఒక్కొక్కరిని అడగడం, అంతలోనే ఐదవుతుంది, మినిట్స్ బుక్కులో సంతకాలు పెట్టి వెళ్ళిపోతారు. పదో తరగతిలో లెక్కల్లో వెనకబడ్డ పిల్లల మాట ఎత్తితే సీనియర్ సార్లు ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్ళు "అలాగే సార్" అంటారు. క్లాసులో చూశాను, అందరూ మంచి టీచర్లే. మీటింగులోనే ఎందుకిలా? మీ స్కూళ్ళలో ఎలా చేస్తున్నారు?

రిటైర్డ్ హెచ్ఎం, చిత్తూరు
సార్, సర్క్యులర్ చదవడానికి మీటింగ్ ఎందుకు? వాట్సాప్ గ్రూపులో పెట్టి, పైన ఎవరు చేయాలో, ఎప్పటిలోగా చేయాలో రెండు లైన్లు మీరే రాయండి. అందరూ కూర్చుంటే తప్ప తేలని విషయం ఏదో ఒక్కటి మాత్రం మీటింగుకు ఉంచుకోండి.

మా స్కూల్లో ఎఫ్ఏ పరీక్షలు అయినాక పదిమంది పిల్లల లెక్కల పేపర్లు, పేరు, మార్కులు కనపడకుండా మడిచి, టేబుల్ మీద పెట్టాం. తెలుగు మేడం, పీఈటీ సార్‌తో సహా తలా ఒకటి చూశారు. ఒక పిల్లవాడు లెక్కంతా చక్కగా చేసుకొచ్చి, సమీకరణంలో మైనస్ 7ను అవతలి వైపుకు తీసుకెళ్ళి మైనస్ 7గానే ఉంచేశాడు. పక్క పేపర్లోనూ అదే, ఆ పక్కదాంట్లోనూ అదే. ఫిజిక్స్ మేడం "మా దాంట్లో కూడా మార్కులు ఇక్కడే పోతున్నాయి సార్" అన్నారు, ఇక ఎవరినీ మాట్లాడమని అడగాల్సిన పని లేకపోయింది. పొద్దున స్టడీ అవర్లో మొదటి 20 నిమిషాలు ఏం చేయించాలో, ఏ రోజు ఎవరు చూడాలో అక్కడే తేలింది. సిలబస్ ఎంతయిందని అడిగితే ఏ టీచరైనా లెక్క అప్పజెప్పి ఊరుకుంటారు సార్, పిల్లవాడి పేపరు చేతికిచ్చి చూడండి.

ఇంగ్లీష్ టీచర్, రేణిగుంట
టీచర్ల వైపు నుంచి చెబుతున్నా సార్, దయచేసి నాలుగు తర్వాత పెట్టకండి. ఇంట్లో చిన్నపిల్లలున్న వాళ్ళకు ఆ బస్సు తప్పితే ఎంత టెన్షనో! మా హెచ్ఎం మేడం 3.20కి మొదలుపెట్టి బెల్‌తో ఆపేస్తారు. పిల్లలు ఆ పీరియడ్ గ్రౌండులో ఉంటారు, ఇద్దరు టీచర్లు వాళ్ళ దగ్గర ఉంటారు, ఆ ఇద్దరూ ప్రతి నెలా మారతారు.

ఇంకోటి, పెద్దవాళ్ళు ఒకమాట అనేశాక మేం ఎదురు చెప్పలేం, అందుకే మేడం కొత్తగా డీఎస్సీలో వచ్చినవాళ్ళను ముందు అడుగుతారు. మినిట్స్‌లో పేరు, పని, తేదీ మూడే రాస్తారు. తర్వాతి మీటింగ్ ఆ పేజీ చదవడంతోనే మొదలు, కాబట్టి చెప్పింది ఎక్కడికీ పోదు.

పేరెంట్, పూతలపట్టు
టీచర్ని కాను, స్కూలు యాజమాన్య కమిటీ మెంబర్ని. తల్లిదండ్రుల మీటింగుల గురించి కూడా ఆలోచించండి సార్. విద్యా హక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం ఆడవాళ్ళు ఉండాలి. ఉన్నాం, కానీ తోతాపురి మామిడి కోతల్లో, ఫ్యాక్టరీ దగ్గర ట్రాక్టర్ల క్యూ ఉన్నప్పుడు పెడితే ఎవరొస్తారు? పాలు పోసే టైమూ చూసుకోవాలి. మా దగ్గరైతే తీర్మానం బుక్కు ఇంటికే పంపి సంతకాలు తీసుకున్నారు, చాలా బాధేసింది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు పెట్టిన మెగా పేరెంట్ టీచర్ మీటింగుకు పని మానుకుని వెళ్ళాను. మా పాపకు ఏది రావడం లేదో, ఇంట్లో ఏం చేయించాలో టీచరమ్మ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. అలా చెబితే కూలి పోయినా వస్తాం.

కొత్త హెచ్ఎం, పాకాల వైపు
అందరికీ చాలా థాంక్స్. అమ్మా, మీరు చెప్పిన టైము సంగతి కమిటీ మీటింగుకు ముందే అడిగి తెలుసుకుంటాను. శనివారం స్టాఫ్ మీటింగ్ పిల్లల పేపర్లతోనే పెడుతున్నా. కొత్తవాళ్ళను ముందు అడిగితే సీనియర్ సార్లు నొచ్చుకోరా?

రిటైర్డ్ హెచ్ఎం, చిత్తూరు
ముందురోజే టీ తాగుతూ చెప్పండి సార్, "అందరివీ విన్నాక ఆఖరున మీరు తేల్చాలి" అని. సంతోషంగా ఒప్పుకుంటారు. లెక్కల సార్‌ని కూడా ముందే అడిగి, ఆయన సరేనంటేనే పేపర్లు తీయండి, ఏ పేపర్లు తీయాలో ఆయన్నే ఎంచుకోనివ్వండి. లేకపోతే అందరి ముందూ ఆయన్ను నిలబెట్టినట్టు అవుతుంది.