సెలెరిటీ అంటే స్పీడేనా, ఇంకేమైనా తేడా ఉందా?

ప్రశ్న

పాత ఇంగ్లీష్ నవల చదువుతుంటే ఒకాయన "విత్ గ్రేట్ సెలెరిటీ" మెట్లు దిగిపోయాడని ఉంది. డిక్షనరీలో వేగం, చురుకు అని ఇచ్చారు. మరి స్పీడ్ అనే మాట ఉండగా ఇదెందుకు? సెలబ్రిటీకీ దీనికీ చుట్టరికం ఉందా? ఐన్‌స్టీన్ ఫార్ములాలో సి అంటే ఇదేనని కూడా ఎక్కడో విన్నాను, నిజమేనా?

పాతపుస్తకాలు

లాటిన్‌లో సెలెర్ అంటే వడిగల అని అర్థం, దాన్నుంచే సెలెరిటాస్. ఫ్రెంచ్ మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లీష్‌లోకి వచ్చింది. యాక్సిలరేటర్ కూడా ఆ ఇంటిదే. సెలబ్రిటీ మాత్రం సెలెబెర్ అనే ఇంకో మాట నుంచి వచ్చింది, జనం బాగా వచ్చిపోయే చోటుని అలా అనేవాళ్లు. ఇక తేడా అంటారా, మామూలు వాడుకలో ఇది మనిషి పని చకచకా చేసేయడానికి చెప్పే మాట, బండి సెలెరిటీ ఎంత అని ఎవరూ అడగరు.

లెక్కలమాస్టారు

సి సంగతి అందరూ అనుకున్నంత సాఫీగా లేదండీ. 1905లో ఐన్‌స్టీన్ కాంతి వేగానికి రాసింది పెద్ద వి, ఆ ప్రసిద్ధ సూత్రం (ఈ ఈక్వల్స్ ఎం సి స్క్వేర్) కూడా మొదట్లో ఎల్ బై వి స్క్వేర్ (ఎల్ అంటే శక్తి) అనే రూపంలోనే కనిపిస్తుంది, సి కి ఆయన మారింది 1907లో. అంతకు చాలా ముందే, 1856లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్తలు వెబర్, కోల్‌రౌష్ కలిసి కొలిచిన విద్యుత్ స్థిరాంకానికి సి అనే గుర్తు ఉంది, తమాషా ఏంటంటే దాని విలువ కాంతి వేగం కాదు, దానికి రూట్ 2 రెట్లు! కాబట్టి సి అంటే సెలెరిటాసేనని పరీక్షలో రాసినంత ధీమాగా చెప్పకండి.

అలలులెక్క

పాత మాట అని కొట్టిపారేయకండి, హైడ్రాలిక్స్‌లో, అంటే నీటి ప్రవాహాల శాస్త్రంలో, మేం రోజూ వాడతాం. నీరు కదిలే వేగం వెలాసిటీ, అల ముందుకు సాగే వేగం సెలెరిటీ. రెండూ కలిపేస్తే లెక్క మొత్తం తప్పుతుంది. లోతు తక్కువైన నీటిలో అల సెలెరిటీ అంటే జి ని (గురుత్వ త్వరణాన్ని) లోతుతో గుణించి వర్గమూలం తీయడమే. సునామీ అలల పొడవు ముందు సముద్రం కూడా లోతు తక్కువే కనుక అక్కడా ఇదే సూత్రం: 4000 మీటర్ల లోతులో సెకనుకి దాదాపు 198 మీటర్లు, అంటే గంటకి 700 కిలోమీటర్ల పైమాటే, అక్కడి నీరు మాత్రం ఉన్నచోటే కాస్త అటూ ఇటూ ఊగుతుంది అంతే.

పాతపుస్తకాలు

నేర శాస్త్రంలో కూడా ఉంది. శిక్ష ఖాయంగా పడుతుందా, ఎంత కఠినం, ఎంత త్వరగా అనే మూడింటిలో చివరిదాన్ని సెలెరిటీ అంటారు. ఇటలీ ఆలోచనాపరుడు బెకారియా 1764లోనే శిక్ష ఆలస్యం కాకూడదని వాదించాడు.

ప్రశ్న అడిగినవారు

థాంక్స్ అందరికీ. మరి ఆఫీసు మెయిల్‌లో రాయొచ్చా?

లెక్కలమాస్టారు

తప్పేం లేదు, కానీ చదివేవాళ్లు డిక్షనరీ తెరిచేలోపు మీ అర్జెంటు పని ఆగిపోతుంది. ప్రాంప్ట్‌గా అని రాసేయండి.