బ్లాస్ట్‌లో ప్రోటియేజ్ అని వచ్చింది, థీసిస్‌లో అలాగే రాసేయొచ్చా?

రొయ్యలచెరువు:
భీమవరం దగ్గర రొయ్యల చెరువు నీళ్లలోంచి తీసిన విబ్రియో అనే బ్యాక్టీరియా జీనోమ్ మీద నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. అందులో ఒక ప్రోటీన్‌కు పేరు లేదు, "హైపోథెటికల్" (పనేమిటో తెలియనిది) అని మాత్రమే ఉంది. ప్రోటీన్ వరుసను డేటాబేస్‌లతో పోల్చే బ్లాస్ట్‌లో మొదటి హిట్ "పుటేటివ్ సెరీన్ ప్రోటియేజ్", అంటే ప్రోటీన్లను కోసే ఎంజైమ్ కావచ్చని. పోలిక 38 శాతం, ఈ-వాల్యూ దాదాపు సున్నా. ప్రోటియేజ్ అని రాసేయొచ్చా? వచ్చే వారమే వైవా, టెన్షన్‌గా ఉంది.

పాత అన్నొటేటర్:
ఆగండి. ఈ-వాల్యూ అంత చిన్నదంటే పోలిక కాకతాళీయం కాదని, రెండిటి మూలం ఒకటేనని. అంతవరకే. ఇంటిపేరు కలిస్తే చేసే పనీ కలవాలని లేదు కదా.

కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ 129 అమైనో ఆమ్లాలది, బ్యాక్టీరియా గోడను కోస్తుంది. ఆవుపాలలోని ఆల్ఫా-లాక్టాల్బుమిన్ 123 ఆమ్లాలది. పోలిక 40 శాతానికి కాస్త అటూఇటూ. నాలుగు డైసల్ఫైడ్ బంధాలూ అవే చోట్ల, మడతా అదే. అయినా ఇది గోడ జోలికి పోదు, లాక్టోజ్ తయారీలో సాయపడుతుంది. కోతకు కీలకమైన 35వ స్థానపు గ్లుటామిక్ ఆమ్లం దీనికి లేదు. అందుకే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రాం ఊహించిన మడత చూసి తేల్చేద్దామన్నా కుదరదు.

"పుటేటివ్" అంటేనే నాకు ఒళ్లుమంట. ఒకరు ఊహించి రాస్తారు, దాన్ని చూసి ఇంకొకరు ఎక్కిస్తారు. మీ హిట్ యూనిప్రాట్ ప్రోటీన్ డేటాబేస్‌లో మనుషులు సరిచూసిన స్విస్-ప్రాట్‌లో ఉందా, కంప్యూటరే పేర్లు పెట్టే ట్రెంబుల్‌లో ఉందా? ప్రోటీన్ కుటుంబాన్ని గుర్తించే ఇంటర్‌ప్రోస్కాన్‌లో ట్రిప్సిన్ డొమైన్ వస్తే, అదే కుటుంబపు ప్రోటియేజ్ కైమోట్రిప్సిన్‌తో పక్కపక్కన పెట్టి అలైన్ చేయండి. కోత జరగాలంటే 57లో హిస్టిడిన్, 102లో ఆస్పార్టేట్, 195లో సెరీన్ ఉండాలి.

రొయ్యలచెరువు:
చూశానండి. ట్రెంబుల్‌లోదే. ట్రిప్సిన్ డొమైన్ వచ్చింది. హిస్టిడిన్, ఆస్పార్టేట్ ఉన్నాయి, సెరీన్ చోట గ్లైసిన్ ఉంది! కానీ స్కిమ్ మిల్క్ అగర్ మీద మా విబ్రియో చుట్టూ వలయం (పాల ప్రోటీన్ కోతకు గురైన గుర్తు) బాగా వచ్చింది. మరి?

ల్యాబ్‌పిల్లి:
మన రక్తంలో హాప్టోగ్లోబిన్ సంగతీ ఇంతే. ఇదే కుటుంబం, ఆ సెరీన్ ఉండదు, కోయదు. హిమోగ్లోబిన్‌ను పట్టుకోవడం దాని పని.

పాత అన్నొటేటర్:
ఆ వలయం ఈ ప్రోటీన్ వల్లే వచ్చిందని ఎలా చెప్తారు? విబ్రియోలు వేరే ప్రోటియేజ్‌లూ బయటికి వదులుతాయి. దీన్నొక్కదాన్నే ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారుచేయించి పరీక్షించాలి, వారంలో అయ్యే పని కాదు. "ట్రిప్సిన్ కుటుంబపు ప్రోటీన్, క్రియాశీల సెరీన్ లేదు, ప్రోటియేజ్‌గా పనిచేయకపోవచ్చు" అని రాసి, పక్కన అలైన్‌మెంట్ పెట్టండి. అంతకుముందు ఆ చోట సీక్వెన్సింగ్ రీడ్స్ సరిగా పడ్డాయో లేదో చూసుకోండి. డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తప్పు చదివి ఏజీసీ కాస్తా జీజీసీ అయితే చాలు, సెరీన్ గ్లైసిన్ అయిపోతుంది.