316ఎల్ ప్రింట్ మోడల్‌లో గ్రెయిన్ సైజ్ మార్చినా స్ట్రెంగ్త్ ఎందుకు కదలట్లేదు?

ఎంటెక్_లోహం:
నమస్తే అండీ, నా ప్రాజెక్ట్ లేజర్ పౌడర్ బెడ్‌లో (లోహపు పొడిని లేజర్‌తో పొరపొరగా కరిగించే 3డీ ప్రింటింగ్) ప్రింట్ చేసిన 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీల్ మీద, డమాస్క్ అనే సాఫ్ట్‌వేర్‌లో క్రిస్టల్ ప్లాస్టిసిటీ మోడల్ (లోహంలోని స్ఫటికాలు ఎలా సాగుతాయో లెక్కేసేది) కడుతున్నా. ఈబీఎస్‌డీలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో స్ఫటికాలు ఎటు తిరిగి ఉన్నాయో చూసే పద్ధతి) గ్రెయిన్, అంటే ఒక్కో స్ఫటికం, సగటున 40 మైక్రాన్లు, లాగి చూసే టెన్సైల్ టెస్ట్‌లో యీల్డ్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) 520 మెగాపాస్కల్స్, కానీ హాల్-పెచ్ (గ్రెయిన్ చిన్నదయ్యేకొద్దీ బలం పెరుగుతుందనే ఫార్ములా) వేస్తే 225 దాటట్లేదు, పైగా మోడల్‌లో గ్రెయిన్లు 20కి తగ్గించినా 60కి పెంచినా స్ట్రెస్-స్ట్రెయిన్ కర్వ్ ఒకటే, గీత మీద గీత పడుతోంది. రెండు వారాల నుంచి ఇదే పట్టుకుని కూర్చున్నా, తప్పెక్కడుందో చెప్పగలరా?

స్ఫటికం:
కర్వ్ కదలకపోవడం మీ తప్పు కాదండీ. మామూలు ఫినామినలాజికల్ మోడల్‌లో (టెస్ట్‌కి సరిపోయే సమీకరణాలతో నడిచేది) పొడవు అనేదే లేదు, మొత్తం బొమ్మని రెట్టింపు చేసినా సాల్వర్‌కి తెలీదు. గ్రెయిన్ ఎటు తిరిగి ఉంది, ఏ ఆకారంలో ఉంది అనేదే చూస్తుంది. సైజ్ కావాలంటే మొదటి స్లిప్ రెసిస్టెన్స్‌లోనే (స్ఫటికంలో పొరలు జారకుండా ఆపే నిరోధం) హాల్-పెచ్ టర్మ్ కలపండి, లేదా స్ట్రెయిన్ గ్రేడియెంట్ (సాగడం చోటుని బట్టి ఎంత మారుతోందో) లెక్కలోకి తీసుకునే మోడల్‌కి మారండి.

కొలిమి_గట్టు:
అది సరిచేసినా 520 రాదు, ఎందుకంటే ఈ స్టీల్‌లో బలం ఎక్కువగా గ్రెయిన్ లోపలే ఉంది. టీఈఎంలో (పల్చటి ముక్క గుండా ఎలక్ట్రాన్లు పంపి చూసే మైక్రోస్కోప్) చూస్తే ఒక్కో గ్రెయిన్ నిండా అర మైక్రాన్ గదులు (సెల్స్), తేనెపట్టులా, ఆ గోడల్లో డిస్‌లొకేషన్లు (స్ఫటికంలో గీతల్లాంటి లోపాలు) చిక్కుపడి ఉంటాయి, క్రోమియం, మాలిబ్డినం కూడా అక్కడే చేరతాయి, కరిగిన లోహం సెకనుకి లక్షల డిగ్రీల వేగంతో చల్లారుతుంది కదా మరి. డిస్‌లొకేషన్లు ఎంత దట్టంగా ఉన్నాయో దాన్నిబట్టి బలం చెప్పే టేలర్ ఫార్ములాలో వాటి డెన్సిటీ చదరపు మీటరుకి 3×10 పవర్ 14, ఆల్ఫా అనే స్థిరాంకం 0.3, షియర్ మాడ్యులస్ (లోహం గట్టితనం) 77 గిగాపాస్కల్స్ వేసి చూడండి, 310 దాకా వస్తుంది, మీ 225కి కలిపితే 535. కాకపోతే డెన్సిటీని టెస్ట్‌కి సరిపోయేలా జరపకుండా ఎక్స్‌రేతో కొలవండి. సెల్ సైజ్‌తో ఇంకో హాల్-పెచ్ మాత్రం కలపొద్దు, ఒకే గోడని రెండుసార్లు లెక్కేసినట్టే.

ఎంటెక్_లోహం:
చాలా థాంక్స్ అండీ! 520 పడుకోబెట్టి ప్రింట్ చేసిన బార్లది, నిలువు బార్లకి 470 వచ్చింది. ఇది కూడా సెల్స్ వల్లేనా?

స్ఫటికం:
దానికి గ్రెయిన్ ఆకారం, టెక్స్చర్ (గ్రెయిన్లు ఎక్కువగా ఏ దిశకి తిరిగి ఉన్నాయో) చూడాలి, మీ మోడల్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. ఈబీఎస్‌డీ ఏ ముఖం మీద తీశారు? పైనుంచి చూస్తే గుండ్రంగా కనిపించే గ్రెయినే నిలువుగా కోస్తే పొరలు దాటుకుంటూ పొడుగ్గా కనిపిస్తుంది, 40 అనే ఒక్క నంబర్ దానికి చాలదు. రెండు ముఖాలూ తీసి ఆ ఓరియెంటేషన్లే మోడల్‌కి ఇవ్వండి.

కొలిమి_గట్టు:
వీలైతే ఓ బార్‌ని 1,100 డిగ్రీల్లో గంట ఉంచి మళ్ళీ లాగండి. సెల్స్ చెరిగిపోతాయి, గ్రెయిన్ సైజ్ పెద్దగా మారకుండానే యీల్డ్ బాగా పడిపోతే దేని వాటా ఎంతో తేలుతుంది.

ఎంటెక్_లోహం:
గురువారం ఫర్నేస్ దొరుకుతుంది, నిలువువి రెండు, అడ్డంవి రెండు పెడుతున్నా. నంబర్లు రాగానే ఇక్కడే వేస్తా.